సగానికి దిగే చోటు

పోయిన వారం దరువక్కను రికార్డింగు గదిలో డ్రమ్ముల వెనక నిలబెట్టి వచ్చాం. కోతమిల్లులో దుంగలు తోసే ఆవిడ, ఆవిడ తమ్ముడు, మేనమామ, రంపాలకు పళ్ళు సానబెడుతూ ఆ పేరే పడిపోయిన ఆకురాయి అనే మనిషి, ఈ నలుగురూ కట్టిన పాట రెండేళ్ళ కిందట మిల్లు మూసినప్పుడు పుట్టింది. నలభై ఒక్క రోజులు గేటు ముందు మోగి, గేటు తెరిపించి, ఆ తర్వాత ఫోన్లకెక్కి ఊళ్ళు తిరిగి, చివరికి ఒక పాటల కంపెనీ చెవిన పడింది. మిల్లు అమ్మేస్తారన్న మాట మళ్ళీ గాలిలో ఉంది కాబట్టి పాట బయటికి రావడం వాళ్ళకిప్పుడు సరదా కాదు, అవసరం. రికార్డింగు మూడో రోజు పొద్దున అందరికంటే ముందు వచ్చిన దరువక్క కూర్చోబోయి ఆగిపోయింది. ఆవిడ స్టూలు నాలుగు వేళ్ళ ఎత్తు లేచి ఉంది.

స్టూలు రాత్రికి రాత్రి పెరగదు. దాని మీద ఆవిడకంటే పొడుగు కాళ్ళవాడెవడో కూర్చున్నాడు. దరువక్క ఎవరినీ పిలవలేదు. వంగి మర సడలించి, స్టూలును తన ఎత్తుకు దించి, మర బిగించింది. ఎడమవైపు ఇత్తడి సింబల్ జానెడు దూరం జరిగి ఉంటే లాక్కుంది. కాలితో మోగించే డ్రమ్ములో తాను కుక్కిన పాత దుప్పటి తీసేసి ఎవరో మెత్తని దిండు పెట్టారు. దాన్ని బయటికి లాగి గోడవార నిలబెట్టింది. పన్నెండేళ్ళుగా రంపం ముందు నిలబడ్డ మనిషి. మిషను మీద పరాయి చెయ్యి పడితే ముందు సరిచేసుకోవాలి, తగాదా తర్వాత పెట్టుకోవాలి అన్నది అక్కడ నేర్చిందే.

ఇంతలో మిగిలినవాళ్ళు వచ్చారు. మేనమామ తన బేసు గిటారు సంచిని చంటిబిడ్డను దించినట్టు దించాడు. మిల్లులో ఆయన మేస్త్రి. మీసం తెల్లబడినా వేళ్ళు మాత్రం ఇంకా మోకులు లాగే వేళ్ళే. ఆకురాయి ఓ మూల కూర్చుని గిటారు తీగలు బిగించుకుంటున్నాడు. తమ్ముడు మాత్రం గుమ్మంలోనే ఆగి చెప్పుల దుమ్ము దులిపాడు. ఆ చెప్పులకి దుమ్ము లేదు.

అద్దం అవతలి గదిలో రికార్డింగు చేసే ఆవిడ తన బల్ల ముందు కూర్చుని ఉంది. వచ్చిన మూడు రోజుల్లో ఆవిడ ముప్పై మాటలు మాట్లాడి ఉంటే ఎక్కువ. ఆవిడ పక్కనే కంపెనీ ఆయన. మంచి మాటకారి, నొప్పి తెలియకుండా పన్ను పీకే రకం. మైకులో అందరినీ ఆ గదిలోకి రమ్మని, కుర్చీలు వేయించి, ఒకటి వింటారా అని అడిగి, ఎవరూ జవాబు చెప్పకముందే వినిపించాడు.

అది వాళ్ళ పాటే. కానీ డ్రమ్ములు దరువక్కవి కావు.

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని, రంపం మోత వినేటప్పుడు చేసినట్టే తల కొంచెం వంచి, మొదటి నుంచి చివరిదాకా వింది. వాయించినవాడు పనివాడే, సందేహం లేదు. ఒక్క దెబ్బ ముందుకు పడలేదు, ఒక్కటి వెనక్కి జారలేదు. ప్రతి దెబ్బా గుండు సూది మీద గుండు సూది గుచ్చినట్టు పడింది. అయితే వాళ్ళ పాట నడకతో మొదలవుతుంది. ఇళ్ళలోంచి గేటు దాకా జనం నడిచి వచ్చిన నడక అది. రెండో చరణంలో పరుగందుకుంటుంది. ఆ పరుగు మధ్యలో, ఎవరూ అనుకోని చోట, వేగం ఒక్కసారిగా సగానికి దిగుతుంది. ఆకురాయి వాయించే వరస అదే, మామ నొక్కే తీగలు అవే, కానీ స్వరానికీ స్వరానికీ మధ్య మనిషి నిలబడేంత చోటు ఏర్పడుతుంది. ఆ చోటులో తమ్ముడు మూడో చరణం అందుకుంటాడు. అప్పటిదాకా పరిగెత్తిన మాటలకు అక్కడ బరువొస్తుంది. ఆ బరువు మోసుకుంటూ పాట మళ్ళీ లేచి, మొదటి పరుగును కూడా దాటిపోయి ముగుస్తుంది.

ఇప్పుడు విన్న దాంట్లో నడకా లేదు, పరుగూ లేదు. మొదటి నుంచి చివరికి ఒకే అంగ. పైగా సగానికి దిగే చోటు ఎంత వెతికినా కనబడలేదు. దాన్ని తీసేసి, మూడో చరణం ఎత్తేసి, రెండోదాన్నే రెండుసార్లు అతికించారు.

"నూట ఇరవై," అంది రికార్డింగు చేసే ఆవిడ తల తిప్పకుండా. "నిమిషానికి అన్ని దెబ్బలు. మొత్తం అదే."

కంపెనీ ఆయన వివరంగా చెప్పుకొచ్చాడు. చెవిలో టిక్కుటిక్కుమని గడియారంలా కొట్టే క్లిక్కు ఒకటి పెట్టి, దాని మీద వాయిస్తే పాట ఇంత శుభ్రంగా వస్తుందట. వినేవాళ్ళు ఇప్పుడు ఎక్కడికో పోతూ వింటారు, ఏదో పని చేసుకుంటూ వింటారు, మధ్యలో వేగం మారితే పాట చెడిపోయిందనుకుని మార్చేస్తారట. దరువక్క వాయించినప్పుడు కొలిచి చూశారు. తొంభై రెండులో మొదలై, నూట ముప్పై ఎనిమిదికి పోయి, అరవై తొమ్మిదికి పడి, చివర నూట యాభై దాటేసింది. ఇది పాటా, జ్వరం కాగితమా అని నవ్వాడు. ఆకురాయి కూడా నవ్వబోయి, దరువక్క మొహం చూసి మింగేశాడు.

"బాగా వాయించాడు," అంది దరువక్క. "చెయ్యి తిరిగినవాడు. కానీ ముడి మీద కూడా అదే తోపు తోశాడు."

కంపెనీ ఆయనకు అర్థం కాలేదు. మేనమామ అందుకుని చెప్పాడు. దుంగలో కొమ్మ పుట్టిన చోట ముడి ఉంటుంది, ఇనుములాంటి చోటు. తోసేవాళ్ళకి అది కంటికి కనబడదు, చెవికి తెలుస్తుంది. రంపం గొంతు ఒక్క పిసరు లావవుతుంది. అప్పుడు తోపు తగ్గించాలి. తగ్గించకుండా అదే ఊపులో తోస్తే బ్లేడు తెగి గోడకి గుచ్చుకుంటుంది. గోడకే గుచ్చుకుంటే అదృష్టం.

కంపెనీ ఆయన మర్యాదగా విన్నాడు. విని, పాటలో బ్లేడు లేదు కదండీ అన్నాడు. వేగం మారితే వినేవాడి కాలు తడబడుతుంది, అంతే.

"తడబడనీండి," అంది దరువక్క. "నున్నటి దారిలో పోయేవాడు ఎటు పోతున్నాడో చూసుకోడు."

ఆవిడ ఇంకా ఏదో అనబోయి ఆగింది. అప్పుడు తట్టింది ఆవిడకి. డ్రమ్ములంటే ఎవరో అద్దె మనిషి వాయించాడు, తీగలు మొన్నటివి తెచ్చి అతికించి ఉంటారు. మరి కొత్తగా పాడిన ఆ గొంతు తమ్ముడిదే. వాడు నిన్న సాయంత్రం లారీ చక్రం పంక్చరైందని, మిల్లు షెడ్డుకి పోవాలని చెప్పి వెళ్ళాడు. అన్నం వేళకి కూడా రాలేదు. వాడి కంచం మీద మూత పెట్టి పడుకుంది తను.

తమ్ముడి వైపు తిరిగింది. వాడు నేల మీద తీగల చుట్టలు లెక్కపెడుతున్నట్టు చూస్తున్నాడు.

"చక్రం బాగయిందా?" అని అడిగింది.

కంపెనీ ఆయనే గొంతు సవరించుకున్నాడు. దాచి లాభం లేదండీ అన్నాడు. ఆ నెమ్మది భాగం మీద తనకు పెద్ద పట్టింపు లేదు, అటూ ఇటూ అయితే కొంచెం కత్తిరించి ఉంచేద్దామనే అనుకున్నాడు. దాన్ని మొత్తంగా తీసేయమని అడిగింది వాళ్ళ తమ్ముడే. డ్రమ్ములకు వేరే మనిషిని చూడమన్నదీ ఆ అబ్బాయే, అక్క ఉంటే ఆ చోటు వదలదని. కాగితాల మీద అతని సంతకాలు కూడా నిన్ననే అయిపోయాయి.

మామ మీసం దువ్వుకోవడం మధ్యలో ఆపేశాడు. దరువక్కకు కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేది. చిన్నప్పుడు వాడిని చంకనేసుకుని తిరిగిన వైపు ఒళ్ళంతా చల్లబడినట్టయింది. వాడికి కర్రతో పళ్ళెం మీద దరువు నేర్పింది తను. వాడు పాడతాడని ఇంట్లో ఎవరూ నమ్మనప్పుడు నమ్మింది తను. ఆ పాటలోంచి తనను తీసేయమని వాడే అడిగాడు.

"ఎందుకురా?"

ఒక్క మాటే అడిగింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే వాడు ఓర్చుకునేవాడేమో.

తమ్ముడు మాట్లాడటం మొదలుపెట్టాక ఆగలేదు. రెండేళ్ళుగా వాడి లోపల నానుతున్నదంతా బయటికొచ్చింది. ఆ చోటును అందరూ పొగుడుతారు. గాయకుడు ఆ మౌనం ఎంత బాగా పట్టాడో అంటారు. కానీ వాడికి తెలుసు, అది మౌనం కాదు. గేటు ముందు మొదటిసారి పాడిన రోజు వాడు మూడో చరణం మరిచిపోయాడు. అంతమంది ముందు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. అక్క అది చూసి, తమ్ముడి పరువు పోకూడదని వేగం సగానికి దించి, వాడికి మాట దొరికేదాకా వాయిస్తూ కూర్చుంది. ఆ రోజు నుంచి పాడిన ప్రతిసారీ ఆ చోటు రాకముందే మూడో చరణం మాటలు లోపల ఒకటికి రెండుసార్లు అప్పజెప్పుకుంటాడు.

"మీ అందరికీ అది పాటలో గొప్ప చోటు. నాకది నా నోరు పడిపోయిన చోటక్కా. నువ్వు నన్ను చంకనెత్తుకున్న చోటు. లోకమంతా వినేదాంట్లో కూడా అలాగే ఎత్తుకుంటావా?"

దరువక్క వాడి వైపే చూస్తోంది. ఆవిడ కళ్ళ ముందు వాడు లేడు. ఆ రోజు లారీ మీద డ్రమ్ములు పరిచిన ఎత్తులోంచి కనబడిన గేటు ఉంది.

"నువ్వు మరిచిపోలేదురా," అంది. "నేను మరిపించాను."

వాడికి అర్థం కాలేదు. ఆవిడ చెప్పింది, రంపం దగ్గర కొత్త పనివాళ్ళకి చెప్పినట్టే, ఒక్కొక్క ముక్కా. వాడెప్పుడూ కళ్ళు మూసుకుని పాడతాడు. ఆ రోజూ అంతే. రెండో చరణం పరుగులో ఉంది. జనం కాళ్ళు ఆ పరుగుతోనే కదులుతున్నాయి. వెనకవాళ్ళు దరువుకి తగ్గట్టు ముందుకు తోస్తుంటే, ముందువాళ్ళు గేటు ఊచలకి ఒత్తుకుపోతున్నారు. చెక్కపొట్టు ఊడ్చే ముసలావిడ ఊచల మధ్య భుజం దాకా ఇరుక్కుపోయింది. ఆవిడ నోరు తెరిచి అరుస్తోంది, పాటలో వినబడలేదు. డ్రమ్ములు ఒక్కసారిగా ఆపేస్తే ఏమైందోనని జనం ఇంకా తోసుకుంటారు. అదే వేగంతో కొడితే ముసలావిడ చెయ్యి మిగలదు. అందుకని ఆపకుండా, సగానికి దించింది. ఎవరితోనూ చెప్పడానికి వ్యవధి లేదు. దెబ్బలు దూరమయ్యేసరికి జనం కాళ్ళూ దూరమయ్యాయి. తోపు తగ్గింది. పక్కవాళ్ళు ముసలావిడను వెనక్కి లాగారు.

"నీ కాళ్ళ కింద నేల లాగేసింది నేను. దాంతో నీకు మాట జారింది. జారిందని నాకూ తెలుసు. కానీ నీకోసం దించలేదు. ఆ పూట నువ్వు నాకు గుర్తుకు కూడా లేవు."

"అవున్రా," అన్నాడు మేనమామ మెల్లిగా. "నేనూ చూశాను. నా వేలు కూడా తీగ తప్పింది."

తమ్ముడు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మరి రెండేళ్ళలో ఒక్కరూ చెప్పరేం అని అడిగాడు.

వాడికి తెలిసే ఉంటుందనుకుంది దరువక్క. ఆ మౌనం వాడికి ఇష్టమనుకుంది. ఎవరూ అడగలేదు కూడా.

"మీ ఇంట్లో అంతే," అన్నాడు ఆకురాయి గిటారు మీద నుంచి తలెత్తకుండా. "కొంప అంటుకున్నా ఎవరైనా అడిగితే తప్ప చెప్పరు."

ఎవరూ నవ్వలేదు గానీ గదిలో బిగుసుకున్నదేదో కొంచెం సడలింది. ఆ సందు చూసుకుని కంపెనీ ఆయన చేతి గడియారం చూశాడు. కథ చాలా బాగుందని, కావాలంటే పాటతో పాటు కాగితం మీద వేయిద్దామని, కానీ బయటికి వెళ్ళబోయేది మాత్రం ఈ నూట ఇరవై పాటేనని చెప్పాడు. గది మధ్యాహ్నం దాకా వాళ్ళ పేరు మీదే ఉంది, కావాలంటే సరదాగా వాయించుకోవచ్చు.

దరువక్క లేచింది.

"సరదాగా వాయించం," అంది. "ఒక్కసారే వాయిస్తాం. నలుగురం ఒకే గదిలో, మీ టిక్కుటిక్కు లేకుండా. మీరు ఇక్కడే కూర్చుని వినాలి. విన్నాక కూడా మీకు ఆ గుండు సూదుల పాటే కావాలంటే వేసుకోండి, కానీ దాని మీద మా పేర్లు ఉండవు. మా మిల్లు పేరూ ఉండదు. మళ్ళీ గేటు మూస్తే మేం ఇదే పాడతాం, ఇలాగే దించుతాం. అది మీ కాగితాల్లో రాసుకునేది కాదు."

పేర్లు ఉండాలో అక్కర్లేదో కాగితమే చెబుతుందండీ అన్నాడు కంపెనీ ఆయన, ఇంకా నవ్వుతూనే. దరువక్క తమ్ముడి వైపు చూసి, ఆ కాగితంలో ఏముందని అడిగింది. వాడు చేతులు కట్టుకున్నాడు. పాటలోంచి తనను తీసేయించినవాడు ఇప్పుడు మైకు దగ్గరికి వస్తాడో రాడో ఆవిడకు తెలియదు. రమ్మని పిలవలేదు. రెండేళ్ళు ఎత్తుకున్నానని నిందపడ్డాక మళ్ళీ చెయ్యి చాపడం ఎందుకు. తలుపు తీసుకుని డ్రమ్ముల గదిలోకి వెళ్ళిపోయింది. వెనకే మామ, ఆయన వెనక ఆకురాయి.

చెవులకు తగిలించుకునే హెడ్‌ఫోను మైకు కడ్డీకి వేలాడదీసి ఆవిడ కర్రలు చేతిలోకి తీసుకునేసరికి, తమ్ముడు మైకు ముందు నిలబడి ఉన్నాడు. ఎవరి మొహమూ చూడటం లేదు.

గోడ మీది స్పీకరులోంచి రికార్డింగు చేసే ఆవిడ గొంతు వచ్చింది.

"క్లిక్కు తీసేశాను. ఎర్ర దీపం వెలిగింది. కానివ్వండి."

ఆవిడను అలా చేయమని ఎవరూ చెప్పలేదు. కంపెనీ ఆయన ఆవిడ వైపు తిరగడం అద్దంలోంచి కనబడింది.

దరువక్క కర్రలు నాలుగుసార్లు తాటించింది. నడక మొదలైంది. తొంభై రెండో తొంభై మూడో, ఆవిడ లెక్కపెట్టలేదు. మామ తీగ ఆవిడ కాలి డ్రమ్ముతో కలిసి అడుగేసింది. తమ్ముడు మొదటి చరణం పాడాడు, జాగ్రత్తగా, కొత్త ఇంట్లో చీకట్లో నడిచే మనిషిలా. రెండో చరణం దగ్గర ఆవిడ పరుగందుకుంది. ఆకురాయి గిటారు మీద రంపానికి కొత్తగా పెట్టిన పళ్ళలా మెరిసింది వరస. ఊపు పెరిగింది. ఇంకా పెరిగింది. అద్దం అవతల కంపెనీ ఆయన కాలు తనకు తెలియకుండానే కుర్చీ కాలిని తంతోంది. ఇలాగే తీసుకుపో, హాయిగా ఉంది, ఎవరు వద్దన్నారు అన్నట్టుంది దరువక్క ఒళ్ళు. ఆ హాయిలోనే రంపం గొంతు లావవుతుందని ఆవిడకు తెలుసు.

దించింది.

గది నేల ఒక మెట్టు కిందికి పోయినట్టయింది. కంపెనీ ఆయన కాలు గాలిలో తప్పింది. ఆకురాయి వరస అదే వరస, కానీ ఇప్పుడు ప్రతి స్వరం పడి, ఆగి, చుట్టూ చూసి, అప్పుడు పక్కదాన్ని పిలుస్తోంది. ఎనిమిది దెబ్బలు. ఇక్కడ తమ్ముడు అందుకోవాలి.

వాడు అందుకోలేదు.

ఇంకో ఎనిమిది. మామ ఓరగా ఆవిడ వైపు చూశాడు. వేగం పెంచి ఈ చోటు దాటించేయమని ఆ చూపు. అలా చేస్తే పాట బతుకుతుంది, వాడూ బయటపడతాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. వాడికోసం దించలేదని చెప్పింది కదా. వాడికోసం పెంచేది కూడా లేదు. నిలబడితే నిలబడనీ. ఈ చోటు వాడిని తినేది కాదని వాడే తెలుసుకోవాలి.

ఇరవై నాలుగు దెబ్బలు. అద్దం అవతల కంపెనీ ఆయన లేచి బల్ల మీదికి చెయ్యి చాపడం, రికార్డింగు చేసే ఆవిడ ఆ చెయ్యికీ మీటకీ మధ్య తన మోచెయ్యి ఆనించడం కనబడింది.

అప్పుడు తమ్ముడు కళ్ళు తెరిచాడు. ఆ చోటులో వాడి కళ్ళు తెరిచి ఉండగా చూడటం ఆవిడకు అదే మొదటిసారి. వాడు మైకు వదల్లేదు, కానీ ఒళ్ళంతా ఆవిడ వైపు తిప్పాడు. ఊపిరి తీశాడు. పాడాడు.

అది మూడో చరణం కాదు. ఆ మాటలు పాటలో ఎక్కడా లేవు.

"నిన్న నేను పెట్టిన సంతకం... పాట మీద కాదక్కా..."

మామ తీగ తప్పింది. ఆకురాయి చెయ్యి గాలిలో ఆగిపోయింది. అద్దం అవతల కంపెనీ ఆయన మొహంలో ఇందాకటి నవ్వు ఒక్క చుక్క కూడా మిగల్లేదు. ఆయన గది తలుపు వైపు పరుగు తీశాడు. ఆ తలుపుకీ మైకుకీ మధ్య పదడుగుల దూరం కూడా లేదు.

దరువక్క ఆపలేదు. రెండో మాట తొందరపడి రాకూడదని, వచ్చిన మాట ఒక్కటి కూడా కింద పడిపోకూడదని, వేగం ఇంకాస్త దించింది.